మెరిసే దిక్కు బొట్టు

రిపోర్టు 1

గది ముందర కూసున్నోళ్లు రిపోర్టు రాయాలట. ఏ సీడీ వచ్చింది, ఎవరిది, దిగిందా లేదా. నెల నిండినంకనే వాటిని ఎవరన్న చదివేదట. "రెండు ముక్కలు రాస్తే చాలు బాపు" అని నా బిడ్డ జలజ పెన్ను చేతికిచ్చి లోపలికి పోయింది. ఏడో తరగతి దాక చదువుకున్నోన్ని, రెండు ముక్కలు రాయలేనా? రాస్త. కాని ఇయ్యాల మాత్రం రెండు ముక్కలు చాలవు. ఇయ్యాల నా బిడ్డ మూడో బొగ్గు బాయి సీడీ గదికి ఇన్‌చార్జి అయింది!

ఈ సంతోషం నేను ఏడ పెట్టుకోవాలె? పొద్దుగాల నుంచి కాళ్లు నేల మీద ఆగుతలేవు. పంపు కాడ నీళ్లు పట్టే ఆడోళ్లకు చెప్పిన. పుట్టగొడుగులు కోసేటోళ్లకు చెప్పిన. గాలి ఫ్యాను కాడ కావలి ఉండే సాయిలుకు ఆ హోరుల ఏమీ వినపడదని తెలిసి కూడ చెవుల అరిచి చెప్పిన. ఆయన "ఆఁ, వానలా?" అన్నడు. వానలేంది సాయిలూ, మనం వాన చూసి ఎన్నేండ్లయింది! అయినా సరే, వానే అనుకో అని బెల్లం పలుకు నోట్లె పెట్టిన. దాచుకున్న బెల్లమంత అయిపోయింది. పోనీ.

పైన ఎండ మనుషులను నిలవనియ్యకపోతే, బొగ్గు తీసి విడిచిపెట్టిన ఈ సొరంగాలల్లకు ఊర్లకూర్లు దిగినం. అప్పటికి జలజ తల్లి కడుపుల ఉన్నది. చీకట్ల పుట్టిన పిల్ల ఏం బతుకుతదని దాని తల్లి ఏడ్చింది. ఇయ్యాల ఆ పిల్ల చేతుల మూడో బాయి గొంతులన్నీ ఉన్నయి. తల్లి ఉంటే చూసేది.

సూర్యుడు నిప్పులు ఉమ్మిన ఏడాది ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ కడిగిన పలకలైనయి. ఫోటోలు పోయినయి, మాటలు పోయినయి. సీడీలు మాత్రం మిగిలినయి. వాటి మీద ఉన్నది రాతి మీద ఉలి దెబ్బల లాంటి గుర్తులట, కరెంటు మంటకు చెరగవట. అందుకే ఎవరి పెట్టెల సీడీ దొరికినా ఈ గదికే తెస్తరు. రీడరుల పెట్టి అందులున్నది కంప్యూటర్లకు దింపుతరు. మూడో బాయికి ఉన్నది ఒక్కటే రీడరు. అది నా బిడ్డ చేతి కింద!

మరి ఇంత మంచి పని బొట్టు లేకుండ ఎట్ల మొదలుపెడతరు? కుంకుమ బాయిల ఏడ దొరుకుతది? దీపాల కింద పెంచిన పసుపు కొమ్ము అరగదీసిన. బొగ్గు దుమ్ము అంటుకొని మండకుండ గోడలకు చల్లే తెల్లటి రాతి పొడి ఉంటది, అది సున్నం జాతిదే గదా, అది చిటికెడు కలిపిన. కొంచెం ఇటుక రంగుకు తిరిగింది. గడపకు పెట్టిన. కంప్యూటరుకు పెట్టిన. రీడరుకు మూత మీద పెట్టిన. బల్ల మీద అయిదు సీడీలున్నయి, ఇయ్యాల్టి బోణీ. సీడీకి ఒక దిక్కు పెన్ను రాతలు, గీతలు. ఇంకో దిక్కు అద్దం లెక్క మెరుస్తాంది, నా మొకం కనబడ్డది. మొకం కనబడే దిక్కే దాని మొకం. బొట్టు ఎవరన్న వీపుకు పెడతరా? మెరిసే దిక్కే, ఉంగరపు వేలుతోని, ఒక్కొక్కదానికి నిండుగ పెట్టి దండం పెట్టుకున్న.

అంతల జలజ అడుగులు వినపడ్డయి. గదిల దుమ్ము పనికిరాదని ఆమె పట్టుదల. తిడతదేమోనని తువ్వాలతోని ఒక్కొక్కటి గిర్రున తిప్పి, కంచాలు తుడిచినట్టు తుడిచి, ఎట్లున్నయో అట్ల పెట్టిన. దేవునికి ముట్టేది ముట్టింది గదా.

సీడీలు అయిదు వచ్చినయి. రేపటి నుంచి దిగుతయి.

రిపోర్టు 2

కొమురవ్వ గది తెరవకముందే వచ్చి తలుపు కాడ కూసున్నది. నాకంటె పెద్దది, అక్కా అంట. రెండో సొరంగంల ఒక్కతే ఉంటది. ఆ అయిదు సీడీలల్ల ఒకటి ఆమెది.

"దిగిండా తమ్మీ మా ఆయన?"

"ఇప్పుడే గదా అక్కా పొయ్యి మీద పెట్టేది. ఉడకనియ్యి."

ఆమె భర్త బీరయ్య ఒగ్గుకథల వంతగాడు. పెద్ద ఒగ్గు కథ చెప్తుంటే పక్కన నిలవడి "ఆఁ", "ఔ మల్ల", "గట్లనా" అనేటాయన. నడుమల ఒక జోకు విసిరి పందిరిని నవ్విచ్చేటాయన. ఎవరిదో పెండ్లిల చెప్పిన కథను ఆ పెండ్లోళ్లే సీడీ చేసి ఇచ్చిన్రట. ఎండ ముదిరిన కాలంల బీరయ్య పైన్నే పోయిండు. ఇప్పుడు ఆయన గొంతు భూమి మీదైనా భూమి కిందైనా ఆ ఒక్క సీడీల ఉన్నది. కొమురవ్వకేమో చెవులు మందగిస్తున్నయి. పూర్తిగ పోకముందే ఒక్కసారి వినాలెనని ఆమె ఆత్రం.

"అందుల ఒక్క కాడ నా మీద జోకు ఏసిండు తమ్మీ. పందిరి పందిరంత నవ్వింది. ఆ మాపు నేను అన్నం పెట్టలే."

"ఏమన్నడక్కా?"

"వింటవు గదా! తొందరేంది నీకు?"

జలజ రీడరుల సీడీ పెట్టింది. ఒక్కొక్క ముక్కను రెండుసార్లు చదివి, రెండూ ఒక్కటే అయితేనే రాసుకుంటదట ఆ యంత్రం. అందుకే జాగు. ఫైలేమో ఇంత పెద్దది! నేను అడిగిన, "చిన్న ఫైలు చేస్తే జాగ మిగుల్తది గదా బిడ్డా?"

"మిగుల్తది బాపు. కాని మనిషి చెవికి అక్కర లేదని అది అనుకున్నవన్నీ పారేస్తది. ముందుగాల పారేసేది వెనకనున్న చిన్న గొంతునే. పెద్ద ఒగ్గు మిగుల్తడు, వంతగాడు పోతడు. అందుకే మనది లాస్‌లెస్. సీడీల ఎంతుందో అంత. గింజ రాలొద్దు, గింజ కలవొద్దు."

గోడ మీద కూడ అదే రాసున్నది: ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు. గది నియమం.

మొదటి ముక్క దిగినంక వినిపిచ్చింది. అబ్బబ్బ! సొరంగాలల్ల మోగే స్పీకరు డబ్బాలకు యంత్రం దినానికొక పాట పుట్టిస్తది, నిన్నటిది ఇయ్యాల ఉండది. ఇదేమో, డోలు మోగుతాంది, తాళాలు మోగుతున్నయి, ఎవరో దగ్గుతున్నరు, ఎవరి చేతుల నుంచో గిన్నె జారి పడ్డది, అన్నిటి వెనక ఒక కోడి! నాకు కండ్లు తిరిగినయి. జలజ ఎన్నడు వినలేదు గదా, "అది ఎవరు బాపు ఏడుస్తున్నరు?" అన్నది. కోడి బిడ్డా, కోడి! గుడ్డు పెట్టి ఊరంత చెప్తాంది! కొమురవ్వ డబ్బాకు చెవి ఆనించి కూసున్నది. అంత హోరు వెనక సన్నగ "ఆఁ" అన్నది ఒక గొంతు. ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

ఆ తర్వాత రీడరు ఒక్క కాడ ఆగింది. గర్ గర్ మని వెనకకు వచ్చి మల్ల చదివింది. మల్ల ఆగింది. జలజ ఆ సీడీ తీసి ఇంకోటి పెట్టింది. అదీ ఆగింది. మూడోదీ అంతే. నేను రీడరును తిట్టిన, దాన్ని చేసినోన్ని తిట్టిన. కొమురవ్వను రేపు రమ్మని పంపినం.

ఆమె పోయినంక జలజ సీడీని దీపానికి అడ్డంగ పట్టి చూసింది.

"ఎవరో గుండ్రంగ తుడిచిన్రు బాపు. నడుమ నుంచి అంచుకు తుడవాలె. గుండ్రంగ తుడిస్తే గీత అక్షరాల వెంబడే పోతది, చదవరాదు. పైంగ గరుకుది ఏదో పెట్టి రుద్దిన్రు."

"అక్షరాలు ఏ దిక్కు ఉంటయి బిడ్డా?" అన్న, ఏమీ ఎరగనట్టు. నిజంగనే ఎరగను అప్పటి దాక.

"మెరిసే దిక్కే. రీడరు కింది నుంచి చూస్తది. రాతలున్న దిక్కు దానికి కనబడది."

నేను మెల్లగ తువ్వాలను చంక కిందికి జరుపుకున్న.

బాయిల నాది కప్పు కూలకుండ కట్టె దిమ్మెలు నిలబెట్టే పని. పైకప్పును కట్టెతోని కొట్టి చూసేటోళ్లం. గట్టిగుంటే కంగుమంటది, బోలుగుంటే డొల్లుమంటది. ఇయ్యాల ఎవరు కొట్టకుండనే నా రొమ్ముల డొల్లుమన్నది.

సీడీలు అయిదు. దిగినవి లేవు.

రిపోర్టు 3

జలజకు చెప్పాలెనని రెండుసార్లు లోపలికి పోయిన. రెండుసార్లూ "చాయ తాగుతవా బిడ్డా?" అని అడిగి వచ్చిన. పిల్ల రెండు చాయలు తాగింది.

నాలుగు సీడీలకు దారి దొరికింది. అవి ఫ్యాక్టరీల అచ్చు గుద్దినవి, ఒక్కటే అచ్చు వేలకు వేలు. ఏడో బాయిల వాటికి జతలున్నయట. ఇక్కడ చెడ్డ ముక్క అక్కడ మంచిగుంటది, రెండు చిరిగిన చీరలు కలిపి ఒక బొంత కుట్టినట్టు కుడతరట. నా ప్రాణం సగం నిమ్మళమైంది. మిగిలిన సగం కొమురవ్వ సీడీ కాడ ఆగింది. అది పెండ్లింట్ల చేసింది. దానికి జత లేదు.

సంఘం నుంచి సర్దారు పోచమల్లు వచ్చిండు. గదులన్నీ తిరిగి చూసేది ఆయన పని, మాట తుపాకి గుండు. సీడీ చూసిండు. నడిమి బొక్క చుట్టున్న సందుల ఇటుక రంగు తిరిగిన పసుపు గీత కొంచెం మిగిలిపోయి ఉన్నది. నా తువ్వాలకు అది అందలే.

"ఇదేంది, పసుపా? ఏమవ్వా, మొగన్ని తీస్కపోయి పోపుల డబ్బాల పెట్టినవా?"

గది ముందర లైన్ల ఉన్నోళ్లు పకపక నవ్విన్రు.

"పెండ్లి చీర మడతల పెట్టిన బిడ్డా" అన్నది కొమురవ్వ. "చీర పెట్టెల పెట్టిన. ఇన్నేండ్లు చెయ్యి తాకనియ్యలే."

"మడతల ఉన్నదానికి పసుపు నడిచి వచ్చిందా? మతి ఉండి పెట్టినవా, మతి లేక పెట్టినవా? తప్పు మీరు చేసుకొని, గది మీద ఏస్తరు."

ఆయన పోయినంక లైను కరిగింది. కొమురవ్వ ఒక్కతే గోడకు ఆనుకొని నిలవడ్డది. చేతులు చూసుకుంటాంది.

"తమ్మీ, నేనే పెట్టిన్నా? మొన్న కూరల ఉప్పు రెండుసార్లు ఏసిన. పసుపు చేతులతోని తీసి చూసుకున్ననేమో. నా చేతులతోని నేనే పాడుచేసుకున్ననంటవా?"

మాట నా నాలిక మీద ఉన్నది. ఉమ్మలే, మింగలే. నేనేమన్ననో రాస్తున్న, ఇది రాయకుంటే ఈ రిపోర్టు అబద్ధం. "ఏమో అక్కా" అన్న.

ఏమో అట! బొట్టు పెట్టిన వేలు నాది, తుడిచిన తువ్వాల నాది. ఏమో అట!

ఆమె తలకాయ మీద చిన్నగ కొట్టుకుంట పోయింది. దీపం కాడ వంపు తిరిగేదాక చూసిన. మొన్న ఇదే దారిల బెల్లం పంచుకుంట ఉరికినోన్ని నేను.

సీడీలు: నాలుగింటికి జతలు తెప్పిస్తున్నరు. ఒకటి ఆగింది.

రిపోర్టు 4

జలజ ఆ సీడీని మంచి నీళ్లతోని, మెత్తటి దూదితోని, నడుమ నుంచి అంచుకు తుడిచింది. రీడరును మెల్లగ తిప్పుమన్నది. ఒకటే తీరుగ చదివిస్తాంది. ఇరవై సార్లు ఊఁహూఁ అన్న ముక్క ఇరవై ఒకటోసారి ఒప్పుకుంటది. ఒక్కొక్క బోలు పూడుకుంట వచ్చింది. నేను తలుపు కాడ కూసొని, గర్ర్ మన్నప్పుడల్ల దండం పెట్టుకుంట, టక్కుమన్నప్పుడల్ల కండ్లు తుడుసుకుంట ఉన్న.

ఆఖరికి ఒక్క కాడ మిగిలింది. అక్కడ ఏం చేసినా ఒప్పుకోలే. దానికి ముందు పెద్ద ఒగ్గు బీరయ్యను ఏదో అడుగుతడు. దాని తర్వాత పందిరంత నవ్వుతది. నడుమల ఏమీ లేదు. కొమురవ్వ చెప్పిన జోకు అదే. ఇంకేది పోయినా పోయేది, సరిగ్గ అదే నా వేలి కిందికి వచ్చింది.

గది ముందర అన్నం కాడ జలజ నా భుజం మీది తువ్వాల అడిగింది. "మాసింది బాపు, ఇటియ్యి." ఉతికి తీగ మీద ఆరేసింది. తడి బట్ట మూలకు ఇటుక రంగు మరక ఇంక పోలే. ఆమె చూసింది. ఆమె చూసుడు నేను చూసిన. ఆ మరక కాడ నుంచి పోయి గడప మీది బొట్టును చూసింది, రీడరు మూత మీది బొట్టును చూసింది. అవీ అదే రంగు. తిరిగి వచ్చి నా కంచంల ఇంకో జొన్నరొట్టె ఏసింది. తిడితే ఎంత బాగుండు!

పోచమల్లు మల్ల వచ్చిండు.

"ఎల్లుండి బాయోళ్లందరి సభల ఈ కథ వినిపియ్యాలె. బొక్క ఉన్న కథ వినిపిస్తవా పిల్లా? వంతగాడు అన్నదేంది? ఆఁ, ఔ, గట్లనా. అటుపక్క ఆఁ తెచ్చి ఇటుపక్క అతికియ్యి. లేదంటే పాటలు పుట్టించే యంత్రానికియ్యి, ఆయన గొంతుతోని జోకు కూడ అదే ఏస్తది. ముసలిదానికి సగం చెవులు. ఏం తెలుస్తది?"

"ఆమెకు తెలుస్తది సర్దార్" అన్నది జలజ. "ఆమెకు తెలవకున్నా నాకు తెలుస్తది. నేను అతికించిన ఆఁ విని ఆమె ఏడిస్తే, ఆ ఏడుపు ఎవరి కోసమన్నట్టు?"

"అయితే రాయి. తప్పు ఎవరిది? తెచ్చినామెదా, గదిదా?"

ఆమె నా దిక్కు చూడలే. కావాల్నని చూడలే.

"గదిది. గదికి ఇన్‌చార్జిని నేను."

"ఎక్కిన కుర్చీ వేడన్న కాలే, దిగుతవా? సరే. సభల అదే చెప్త."

ఇన్‌చార్జి, ఇన్‌చార్జి అని బాయంత డప్పు కొట్టిన గదా నేను. ఆ మాట నా బిడ్డ నోట్ల నుంచి ఇట్ల వస్తదనుకోలే. నేనేమో తలుపు కాడ పెన్ను పట్టుకొని కూసున్న, రెండు ముక్కలు రాసేటోన్ని.

రిపోర్టు 5

కొమురవ్వ ఇంటికి పోయిన. పుట్టగొడుగుల మన్ను దులుపుతాంది. నన్ను చూసి పీట జరిపింది. కూసోలే.

"అక్కా, పసుపు నీది కాదు. నాది."

"ఆఁ?" అని చెవి దగ్గరికి తెచ్చింది. ఇంత సిగ్గుమాట రెండుసార్లు చెప్పాలెనా అనిపించింది. గట్టిగ చెప్పిన. పక్కిండ్లకు కూడ వినపడ్డది కావచ్చు. బిడ్డకు కుర్చీ వచ్చిన సంబురంల పసుపుల రాతి పొడి కలిపిన సంగతి, మెరిసే దిక్కు మొకమనుకున్న సంగతి, కంచం తుడిచినట్టు గుండ్రంగ తుడిచిన సంగతి, అన్నీ చెప్పిన.

ఆమె చేతుల పుట్టగొడుగు అట్లనే ఉన్నది.

"ఎవరికి పెట్టినవ్ బొట్టు?"

"సీడీకి అక్కా."

"సీడీకేంది? అందులున్నాయనకు." మెల్లగ ఆమె మొకం మారింది, నవ్వో ఏడుపో నాకు అర్థం కాలే. "కథ మొదలు పెట్టేటప్పుడు ఇంటామె పళ్లెం పట్టుకొని వచ్చి పెద్ద ఒగ్గుకు బొట్టు పెట్టేది. డోలుకు పెట్టేది. తాళాలకు కూడ పెట్టేది తమ్మీ, తాళాలకు! మా ఆయన నుదురు ముందుకు చాపి నిలవడేటోడు, ఆమె పళ్లెం తీస్కొని మర్లిపోయేది. ఇంటికొచ్చి నాతోని అనేటోడు, 'నీ మొగనికంటె ఆ ఇత్తడి ముక్కలు నయమే' అని. వంతగానికి ఎవరు పెడతరు? పెట్టక పెట్టక నువ్వు పెట్టినవ్. పెట్టి నోట్ల మాట ఎత్తుకపోయినవ్."

నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను నవ్విన. నవ్వొచ్చనుకున్న.

"నవ్వకు" అన్నది. "బొట్టుకు నేనేమనను. సంబురంల చేసినవ్. తెలవక చేసినవ్. ఆ దినం గోడ కాడ నేను అడిగితే ఏమన్నవ్?"

"ఏమో అక్కా అన్న."

"అప్పటికి తెలుసా నీకు?"

"తెలుసు."

"ఆ ఏమో నన్ను తిన్నది ఓదెలూ. ఇంటికొచ్చి డబ్బాలన్నీ కుమ్మరించి చూసుకున్న. పొయ్యి ఆర్పిన్నో లేదోనని సగం దారి నుంచి వాపసు వచ్చిన. మొగని పేరు తప్పు చెప్తనేమోనని ఒక్కదాన్నే కూసొని చెప్పుకున్న, బీరయ్య, బీరయ్య అని. చెవులు పోతే పోయినయి, మతన్న ఉన్నదనుకున్న. దాన్ని కూడ తుడిచినవ్ నువ్వు. గుండ్రంగ."

తువ్వాల లేదు మొకం దాచుకోను, తీగ మీదనే ఉన్నది.

"ఏం చెయ్యమంటవ్ అక్కా?"

"సర్దారు నన్ను నలుగుట్ల అన్నడు. నువ్వు నలుగుట్ల చెప్పు. మా ఆయన మాట తేలేవు. నా మతి నాకు తెచ్చియ్యి."

మన్ను దులుపుకుంట ఇంకో పుట్టగొడుగు తీసుకున్నది. చాయ అడగలే. నేను ఆశపడలే.

రిపోర్టు 6

సభను పాత బొగ్గు బండ్లు ఆగే చోట పెట్టిన్రు, అందరు పట్టే జాగ అదొక్కటే. మూడో బాయి మొత్తం వచ్చింది. పోచమల్లు లేచి "సీడీ గదిల తప్పు జరిగింది, ఇన్‌చార్జి ఒప్పుకున్నది" అంటుండంగనే నేను లేచిన. జలజ గబుక్కున నా దిక్కు చూసి వద్దన్నట్టు తల ఊపింది. ఆ చూపుకు కూసునేటోన్నే, కాని కొమురవ్వ ముందు వరుసల చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని కూసున్నది.

"తప్పు నాది" అన్న. ముక్కలు ముక్కలుగ చెప్పాలెనని బాట పొడుగునా పాఠం చదువుకున్న, నోరు తెరిస్తే వాగు తెగింది. బెల్లం కాడ నుంచి మొదలుపెట్టి తువ్వాల దాక అన్నీ చెప్పిన. నేను "వీపుకు బొట్టు పెడతరా" అన్న కాడ ఎవరో కిసుక్కుమన్నరు. ఒకరు నవ్వితే పది మంది, పది మంది నవ్వితే బాయంత. పోచమల్లు కూడ మీసం కింద నవ్వి, "నయమే ఓదెలూ, రీడరు ముందర కోడిని కొయ్యలే" అన్నడు. నాకు చెవులు కాలినయి. ఈ నవ్వు నాకు కావాల్సిందే, కాని ఇంకా చెప్పేది ఉన్నది.

"నవ్వుండ్రి. నవ్వేది అయిపోయినంక ఇది వినుండ్రి. కొమురవ్వక్క సీడీని చీర మడతలనే పెట్టింది. ఇన్నేండ్లు కంటికి రెప్ప లెక్క చూసింది. ఆమె మతి మంచిగున్నది. మతి లేదని సర్దారు అన్నప్పుడు నేను ఆడనే ఉన్న. నాకు తెలుసు. తెలిసి ఏమో అన్న. సీడీ మీది గీత నా తెలివితక్కువతనం. ఇది మాత్రం తెలివి ఉండే చేసిన."

నవ్వు ఆగింది. జలజ తల వంచుకొని కూసున్నది. ఆ తలను నేను వంచిన.

పోచమల్లు గొంతు సవరించుకున్నడు. "అవ్వా, పోపుల డబ్బా మాట నేను తప్పన్న" అన్నడు. పన్ను పీకిచ్చుకున్నట్టు అన్నడు, కాని నలుగుట్ల అన్నడు. కొమురవ్వ, "వినపడలే బిడ్డా, గట్టిగ చెప్పు" అన్నది. వినపడ్డదని నాకు తెలుసు. ఆయన గట్టిగ చెప్పిండు.

సంఘం మాట ఇది: జలజ కుర్చీ జలజకే. నేను గది గడప దాటొద్దు. రిపోర్టు బయట కూసొని రాయొచ్చు. బిడ్డ గదిల బాపుకు జాగ లేదని బాయంత ముందర చదివిన్రు. ఒప్పుకున్న.

కథ పెట్టే ముందు కొమురవ్వ లేచింది. కొంగుల నుంచి చిన్న డబ్బీ తీసింది. కుంకుమ, అసలైనది, పైనుంచి తెచ్చుకున్నది, అడుగున ఇంత మిగిలున్నది. పీట మీద సీడీని బోర్లించింది, రాతలున్న దిక్కు పైకి. దాని మీద పెన్నుతోని, వంకర అక్షరాలతోని, బీరయ్య అని ఉన్నది.

"కథకు ముందర బొట్టు పెట్టాలె. రా తమ్మీ."

"నేనా? వద్దక్కా."

"నువ్వే. ఆయనకు నీ చెయ్యి అలవాటైంది."

ఎవరు నవ్వలే. నా చెయ్యి లేవలే. వీపు వెనక దాచుకున్న. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకొని, పిల్లగానితోని అక్షరాలు దిద్దించినట్టు, వేలిని డబ్బీల ముంచి ఆ పేరు మీద పెట్టించింది. మొదలు వంతగానికే. తర్వాత ఆమె డబ్బాకు చెవి ఆనించి కూసున్నది. జలజ కథ పెట్టింది.

డోలు, తాళాలు, దగ్గు, గిన్నె, కోడి. పిల్లలందరు కోడి కాడ గోల పెట్టిన్రు. పెద్ద ఒగ్గు గొంతు బాయంత నిండింది, దాని వెనక వెనక బీరయ్య. ఆఁ. ఔ మల్ల. ఒక్క ఆఁ ఇంకో ఆఁ తీరు లేదు. ఒకటి ఆకలితోని, ఒకటి పొగాకు నమిలే నోటితోని, ఒకటి ఎవర్నో చూసి కన్ను కొట్టుకుంట. కొమురవ్వ ఒక్కొక్కదానికి తల ఊపుతాంది.

ఆ చోటు వచ్చింది. పెద్ద ఒగ్గు అడిగిండు, "ఏమిర బీరిగా, పొద్దుగాల మీ ఆమె ఏమన్నదిర నిన్ను?"

ఏమీ లేదు. డోలు లేదు, కోడి లేదు, గాలి కూడ లేదు. జలజ ఏమీ అతికించలే. లేనిది లేనట్టు. నా వేలంత బోలు. బాయంత నా దిక్కు తిరిగింది. నేను నేల చూసిన.

అవతల పందిరంత ఘొల్లున నవ్వింది, ఎప్పుడో పోయిన మనుషులందరు. ఇవతల ఒక్కరు నవ్వలే. ఒక్క కొమురవ్వ మాత్రం కొంగు నోట్ల కుక్కుకొని, భుజాలు ఎగిరిపడేటట్టు నవ్వింది. కండ్ల నుంచి నీళ్లు కారుతున్నయి, నవ్వు ఆగుతలేదు.

"ఏమన్నడవ్వా? చెప్పరాదు!" అని ఆడోళ్లు ఆత్రపడ్డరు. పోచమల్లు కూడ ముందుకు వంగిండు.

"ఊఁహూఁ" అన్నది. "సీడీలనే లేదు, నన్నెందుకు అడుగుతరు? గోడ మీద రాసుకున్నరు గదా, లేనిది లేనట్టని."

చెప్పలే. ఎంత బతిలాడినా చెప్పలే. ఆ నవ్వు వెనకనే మల్ల సన్నగ "ఆఁ" అన్నది ఆయన గొంతు, ఏమీ ఎరగనట్టు. ఆమె నవ్వుడు ఆపి చెవిని డబ్బాకు ఇంకా గట్టిగ ఒత్తుకున్నది.

రిపోర్టు 7

కొమురవ్వ తెచ్చిన సీడీ నుంచి బీరయ్య దిగిండు. ఒక్క మాట తక్కువ, ఆ తక్కువ ఓదెలుది.

రెండు ముక్కలే రాసిన బిడ్డా, గడప ఇవతల కూసొని.